గుర్రానికి 35, రహదారికి 80: ఈ అంతరాన్ని పూడ్చేదెవరు?

ఈరోడ్ జిల్లా అంతియూరులో గురునాథస్వామి ఉత్సవంతో పాటు ఏటా ఆడి మాసంలో జరిగే సంత గుర్రాలకు ప్రసిద్ధి గాంచినది. మన తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న నాందేడ్ జిల్లాలోని మాళేగావ్ ఖండోబా జాతర కూడా గుర్రాల క్రయవిక్రయాలకు పెట్టింది పేరు. పూర్వం ఇటువంటి సంతలకు గుర్రాలను నడిపించుకొని వెళ్లేవారు. నేడు సంతలో కొన్న గుర్రమైనా, పెళ్లి ఊరేగింపుకు బాడుగకు వెళ్లే గుర్రమైనా లారీ ఎక్కక తప్పదు. ఆ లారీ జాతీయ రహదారిని ఎక్కక తప్పదు. చిక్కు అక్కడే మొదలవుతున్నది.

గుర్రాలను లారీలో తరలించే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 1978లోనే జంతు రవాణా నియమాలలో వివరించింది. లారీ నేలపై కాలు జారకుండా పరుపు వేయాలి. గుర్రానికీ గుర్రానికీ నడుమ కనీసం 8 సెంటీమీటర్ల వ్యాసం గల వెదురు బొంగులు, వెనుక వైపు రెండు బలమైన అడ్డకర్రలు కట్టాలి. గుర్రాల తలలు ఎడమ వైపునకు ఉండాలి. లారీకి నాలుగు నుండి ఆరు గుర్రాలకు మించరాదు. వాటి వెంట ఒక సంరక్షకుడు ఉండాలి. అన్నింటికంటె ముఖ్యంగా, లారీ వేగం గంటకు 35 కిలోమీటర్లకు మించరాదు.

ఈ నియమాలలో ప్రతి దానికీ కారణమున్నది. మన దేశంలో వాహనాలు ఎడమ వైపున నడుస్తాయి. దాటిపోయే బండ్లు కుడి వైపు నుండి వస్తాయి. తల ఎడమ వైపునకు ఉంటే ఆ హారన్లు, దీపాలు గుర్రం ముఖం మీదికి రావు. ఇక వేగం సంగతి. గోధుమ బస్తా పడిన చోటనే పడి ఉంటుంది. నాలుగు వందల కిలోల గుర్రం అట్లా ఉండదు. ప్రయాణమంతా నాలుగు కాళ్లమీద నిలబడి, ప్రతి మలుపుకూ, ప్రతి బ్రేకుకూ తన బరువును తానే సర్దుకుంటూ ఉంటుంది. డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కితే గుర్రం ముందుకు తూలుతుంది. మలుపును వేగంగా తిప్పితే బరువంతా ఒక పక్కకు ఒరిగి లారీనే కుదుపుతుంది. బెదిరిన గుర్రం కాలు విసిరితే కర్రలు విరుగుతాయి. గుర్రం దృష్టితో చూసినపుడు 35 వేగం సరియైన వేగమే.

అయితే రహదారి దృష్టితో చూసినపుడు? కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం మధ్యలో విభజన గల నాలుగు వరుసల రహదారిపై సరుకు లారీ 80, కారు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లవచ్చును. రాష్ట్రాలు తగ్గిస్తే తగ్గించవచ్చు. అయినప్పటికీ 35 ఎక్కడ, 80 ఎక్కడ! ఒక చిన్న లెక్క చూడండి. 80 వేగంతో వచ్చే లారీకి, 35 వేగంతో వెళ్లే లారీకి మధ్య 100 మీటర్ల ఎడముంటే, అది 8 సెకన్లలో హరించుకుపోతుంది. వెనుక వచ్చేది 100 వేగంతో ఉన్న కారైతే ఐదున్నర సెకన్లు చాలు. పగటిపూట ముందున్న లారీ మెల్లగా వెళుతున్నదని గ్రహించవచ్చు. రాత్రిపూట, వెనుక దీపం వెలగని లారీ ఎంత వేగంలో ఉన్నదో పోల్చుకునేసరికి ఆ ఎనిమిది సెకన్లూ గడచిపోతాయి.

కాబట్టి గుర్రాన్ని రక్షించే నియమమే రహదారిపై మనిషికి ముప్పుగా పరిణమిస్తున్నది. అట్లని వేగం పెంచితే గుర్రానికి ముప్పు. 1978 నాటి దారులకు తగిన నియమం నేటికీ అదే అంకెతో నిలిచి ఉన్నది. దారులు మాత్రం మారిపోయినవి. బెంగళూరు–మైసూరు రహదారి ప్రధాన మార్గంపైకి 2023 ఆగస్టు నుండి ద్విచక్ర వాహనాలను, ఆటోలను, ట్రాక్టర్లను రానివ్వక పక్కనున్న సర్వీసు రోడ్డుకు మళ్లించారు. నెమ్మదిగా వెళ్లేవాటికి వేగవంతమైన దారిలో చోటు లేదన్నదే దాని భావం. గుర్రాల లారీని గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

రెండవ చిక్కు చోటుకు సంబంధించినది. మోటారు వాహనాల నియమాలలో చేర్చిన 125-ఇ ప్రకారం 2016 జనవరి 1 నుండి జంతువులను తరలించే వాహనంలో శాశ్వతమైన గదులు ఉండాలి. ఒక్కొక్క గుర్రానికి కనీసం 2.25 చదరపు మీటర్లు, అనగా సుమారు 24 చదరపు అడుగుల చోటు ఉండాలి. అట్టి వాహనానికి రిజిస్ట్రేషను అధికారి ప్రత్యేక లైసెన్సు ఇవ్వాలి. అందులో మరే సరుకూ వేయరాదు. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల చిన్న తొట్టిలో 40 చదరపు అడుగులే ఉంటాయి. అంటే నియమం ప్రకారం అందులో ఒక్క గుర్రమే పడుతుంది. బాడుగ కలిసివస్తుందని మూడు గుర్రాలను ఇరికిస్తే, ఒకటి తూలినప్పుడు మిగిలిన రెండూ దానిమీద పడతాయి.

మూడవది కుటుంబాలు తప్పక తెలుసుకోవలసినది. జాతరకు వెళుతున్నాము గదా అని అన్నదమ్ములు, పిల్లలు గుర్రాలతో పాటు తొట్టిలో కూర్చోవడం అలవాటు. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేసిన సవరణ ప్రకారం సరుకు వాహనంలో సరుకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి మాత్రమే బీమా రక్షణ వర్తిస్తుంది. ఊరకే ఎక్కిన ప్రయాణికులకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. యజమాని సైతం క్యాబిన్‌లో కూర్చుంటేనే అతనికి రక్షణ అని 2007 నాటి మరొక తీర్పులో చెప్పింది. తొట్టిలో కూర్చున్నవారికి ఏదైనా జరిగితే ఆ కుటుంబం నష్టపరిహారానికై బీమా సంస్థ తలుపు తట్టినా ప్రయోజనం ఉండకపోవచ్చు.

శిక్షల భయంతో పరిస్థితి మారుతుందా? జంతు హింసా నివారణ చట్టాన్ని 1960లో చేసినపుడు మొదటి తప్పుకు నిర్ణయించిన గరిష్ఠ జరిమానా 50 రూపాయలు. ఆ నాడు అది చెప్పుకోదగిన మొత్తం. నేడు దారిలో తాగే టీలకు సరిపోతుంది. కనుక తనిఖీలపై ఆశ పెట్టుకోవడం కంటె మన జాగ్రత్తను మనమే పాటించడం మేలు.

హోసూరు నుండి అంతియూరుకు కృష్ణగిరి, ధర్మపురి, తొప్పూరు, మేట్టూరు మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. 35 వేగంతో చక్రం తిరిగే సమయమే ఆరు గంటలకు దగ్గరగా ఉంటుంది. తెలవారగానే బయలుదేరి, మధ్యలో ఒకచోట నీళ్లు పెట్టి, నీడలో విశ్రాంతి ఇస్తే ఎండ తీవ్రత పెరిగేనాటికి ప్రయాణంలో అధిక భాగం పూర్తవుతుంది. చల్లదనం కోసం అర్ధరాత్రి బయలుదేరడం గుర్రానికి సుఖమే గాని, వెనుక వచ్చే లారీల వలన ప్రమాదకరం. ధర్మపురి–సేలం మధ్య తొప్పూరు కనుమ దిగుడు లారీ ప్రమాదాలకు పేరుపడిన చోటు. అక్కడ చీకటిలో, అలసిన డ్రైవరుతో దిగడం ఏ విధంగానూ మంచిది కాదు.

సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దానిమీదనే వెళ్లాలి. లేనిచోట ఎడమ అంచు వరుసను వదలరాదు. లారీ వెనుక రేడియం పట్టీలు, రెండు దీపాలు, ‘గుర్రాలున్నవి, నెమ్మది’ అని ఆ రాష్ట్ర భాషలో పెద్ద అక్షరాల ఫలకం ఉండాలి. పగ్గాన్ని ఒక్క లాగుకు విడిపోయే ముడితో, గుర్రం తల వంచుకోగలిగేంత వదులుగా కట్టాలి. బయలుదేరే ముందు పశువైద్యుని ధ్రువపత్రం తీసుకోవాలి. కుంటుతున్న గుర్రాన్ని, ఈనబోయే గుర్రాన్ని, ఈని 72 గంటలు కాని గుర్రాన్ని తరలించరాదని నియమం.

ప్రమాదం జరిగితే వెంటనే వెనుక తలుపు తెరవరాదు. బెదిరిన గుర్రం రహదారిపైకి దూకితే రెండవ ప్రమాదం మొదటిదాని కంటె ఘోరంగా ఉంటుంది. ముందుగా వెనుక వచ్చే బండ్లను ఆపించి, 112కు గాని, జాతీయ రహదారి సహాయ సంఖ్య 1033కు గాని ఫోను చేయాలి. పశువైద్య సహాయానికి 1962 ఉన్నది.

ప్రభుత్వం చేయవలసినదీ ఉన్నది. సంత జరిగే వారంలో టోల్‌గేట్ల వద్ద గుర్రాల లారీలకు దారి సూచనలు ఇవ్వవచ్చును. 50 కిలోమీటర్లకు ఒకచోట నీరు, నీడ, దింపుడు గట్టు ఏర్పాటు చేయవచ్చును. 35 అన్న అంకెను నేటి రహదారులకు అన్వయించి, ఏ దారిలో, ఏ వేళలో, ఏ గుర్తులతో వెళ్లాలో స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వడం అన్నింటికంటె అవసరం. సంత తేదీలు ప్రతి ఏటా ముందుగానే తెలుస్తాయి. కాబట్టి ఏర్పాట్లకు వ్యవధి లేదనే సాకు చెల్లదు.

సరిహద్దు పల్లెలలో గుర్రమంటే ఒక కుటుంబం కూడబెట్టిన ధనం. దానిని ఇంటికి చేర్చే దారిలో రెండు గంటలు ఆలస్యమైనా నష్టం లేదు. పిల్లలను తొట్టిలో కాక బస్సులో పంపండి. గుర్రానికి చోటిచ్చే పెద్ద లారీ మాట్లాడండి. బాడుగ కొంత ఎక్కువైనా, మనిషి ప్రాణంతోనూ గుర్రం విలువతోనూ పోల్చినపుడు అది స్వల్పమే.