అమ్మోనియా వాసనకు అలవాటుపడొద్దు

వానాకాలం వచ్చిందంటే కరీంనగర్ వరి రైతు నుంచి ఆదిలాబాద్ పత్తి రైతు దాకా అందరి నోటా యూరియా మాటే. ఆ యూరియా అమ్మోనియా లేనిదే తయారవదు. రామగుండంలో 1999లో మూతపడ్డ ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. ఐస్ ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో చాలాచోట్ల చల్లదనానికి వాడేదీ ఈ వాయువునే. కాబట్టి ఇది ఒక్క ఊరి సంగతి కాదు.

అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది. కళ్లు, గొంతు, శ్వాసనాళాలు... ఒంట్లో తడి ఉన్నచోటల్లా ఘాటైన క్షారంగా మారి కాల్చేస్తుంది. కంట్లో పడిన క్షారం ఆమ్లం కన్నా లోతుకు దిగుతుంది. చూపే పోవచ్చు.

‘వాసన రాగానే పక్కకు తప్పుకుంటాం కదా సార్’ అంటుంటారు కార్మికులు. కొత్తగా చేరినవారికైతే సరే. రోజూ పీల్చే ముక్కుకు కొన్నాళ్లకు ఆ ఘాటు సరిగా తెలియదు. 8 గంటల షిఫ్టులో సగటున 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు, మించకూడదని మన ఫ్యాక్టరీల నిబంధన. 15 నిమిషాలకైతే 35. అది 300కు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడాలు ముక్కుకేం తెలుస్తాయి? గ్యాస్ మీటరు ఉండాలి. అమ్మోనియాకు తగిన మాస్కు కాంట్రాక్టు కార్మికుడికీ ఇవ్వాలి. గుడ్డ మాస్కు ఇచ్చి చేతులు దులుపుకోవడం మోసమే.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సింది మరొకటి ఉంది. లీకైన గ్యాస్ పీల్చిన మనిషి, దగ్గు తగ్గింది కదా అని ఇంటికొచ్చి పడుకుంటాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు మొదలవుతుంది. గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆస్పత్రిలో ముందుగా ‘అమ్మోనియా’ అన్న మాట చెప్పండి. లేదంటే మామూలు ఆస్తమా అనుకుని నెబులైజర్ పెట్టి పంపేయవచ్చు.

కంట్లో పడితే అక్కడికక్కడే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. తడిసిన బట్టలు విప్పేయాలి. విరుగుడంటూ నిమ్మరసం పిండొద్దు. ప్రమాదం చిన్నదైనా ఫ్యాక్టరీ రిజిస్టరులో రాయించండి. రేపు ఈఎస్‌ఐలో పరిహారం అడగాల్సి వస్తే ఆ రాత అక్కరకొస్తుంది.