పక్కూరి మీదికి నెట్టిన నీళ్ళు

ఏ వ్యక్తిత్వ వికాస పుస్తకం తిరగేసినా ఇప్పుడు లావోత్సు కనిపిస్తున్నాడు. నీటిలా ఉండమన్నాడట. ఎదురు తిరగకు, జరిగేది జరగనీ, మనసు ప్రశాంతంగా ఉంచుకో అన్నాడట. ప్రాచీన చైనా తత్త్వమంటే ఇంతేనని చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. కొల్లేరు సరస్సు ప్రాంతంలో అయితే ఇది ప్రమాదం కూడా.

నీటి సంగతి కొల్లేటి పక్కనున్న మా ఆకివీడు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటిలో దిగుతాయి. అక్కణ్ణుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు ఆ తర్వాత మా వైపే వచ్చాయి. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీళ్ళు పారాయి, లంక గ్రామాలు చిక్కుకుపోయాయి. ఆ రోజుల్లో ఉప్పుటేరు వంతెన మీద నిలబడి చూశాను. ఖానాలకు అడ్డంపడి గుర్రపుడెక్క చాప పరిచినట్టు పేరుకుపోయింది. దాని మీద ఒక కొంగ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్ళింది, కాళ్ళు కూడా తడవలేదు. పక్కనే ఉన్న ముసలి వేటగాడు అన్నాడు: ‘నీరు పల్లమెరుగు అంటారు కదండీ. ఆ పల్లంలో గట్లు పోసేశారు మరి. ఎక్కడికి పోద్ది?’

లావోత్సు చెప్పిందీ పల్లం మాటే. ఎవరూ ఇష్టపడని లోతట్టులో ఉండి అందరికీ మేలు చేస్తుంది కాబట్టే నీరు గొప్పదన్నాడు. ‘అతిగా చేయకు’ అన్న హితవు ఆయన ముఖ్యంగా చెప్పింది పాలించేవాళ్ళకి. పైవాళ్ళు పన్నులు మింగేస్తే కింద జనం పస్తులుంటారని అన్నవాడు ఆయన. బలవంతుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలన్న మాటను బలహీనుడు నోరు మూసుకోవాలన్న మాటగా మార్చేశాం.

చైనావాళ్ళ వరద కథ ఇంకా సూటిగా ఉంటుంది. గున్ అనేవాడు గట్లు పోసి వరదను ఆపాలని చూసి ఓడిపోయాడు. అతని కొడుకు యూ కాలవలు తవ్వి నీటిని సముద్రంలోకి పంపాడు. ఆ పనిలో పడి మూడుసార్లు సొంత గుమ్మం ముందు నుంచి వెళ్ళినా లోపల అడుగు పెట్టలేదంటారు. నీటి దారిన పోవడమంటే ఇదీ: ఒళ్ళు వంచి బురదలో దిగడం.

తర్వాతి కాలంలో బై గ్వీ అనే మంత్రి, వరదలు అరికట్టడంలో తాను యూను మించానని గొప్పలు పోయాడు. తత్త్వవేత్త మెన్షియస్ ఊరుకోలేదు. యూ నీటిని సముద్రంలోకి వదిలాడు, నువ్వు పక్క రాజ్యం మీదికి వదిలావు అని మొహం మీదే చెప్పాడు. 2300 ఏళ్ళ నాటి ఈ మందలింపు కొల్లేటిలో పోసిన మన చేపల చెరువు గట్టుకు అతికినట్టు సరిపోతుంది. నా చెరువు మునగకుండా గట్టు ఎత్తు చేస్తే నీళ్ళు మాయమైపోవు. పక్కూరి ఇళ్ళలోకి పోతాయి.

చెరువుల మీద వేలమంది బతుకుతున్నారు కదా అంటారు. నిజమే. కానీ 1999లో 5వ కాంటూరు (ఎత్తు గీత) దాకా సరస్సును అభయారణ్యమన్నారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చెరువుల గట్లు కొట్టేసింది. 2008లో అభయారణ్యాన్ని 3వ కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. గట్లు మళ్ళీ లేచాయి. ఎందుకు లేచాయో మెన్షియస్‌ను అడిగితే చెబుతాడు. నిలకడైన బతుకుతెరువు లేనిదే జనానికి నిలకడైన మనసు ఉండదన్నాడు ఆయన. తిండికి దారి చూపకుండా తప్పు చేయనిచ్చి, ఆనక శిక్షించడం జనాన్ని వల వేసి పట్టడమేనన్నాడు. సన్నకన్ను వలలు చెరువుల్లో వేయనివ్వకపోతే చేపలు తిన్నా తరగవని రాజుకు చెప్పిందీ ఆయనే. గట్టు కొట్టిన చోటే, సొసైటీ చెరువు పోయిన, చేపల వేటే వృత్తిగా ఉన్న వడ్డీల కుటుంబానికి సరస్సులో వేట హక్కూ, చేప గుడ్లుపెట్టే కాలంలో భృతీ ఇవ్వాలి. లీజుల మీద లీజులు కలుపుకున్న పెద్దల గట్లు ముందు తీయాలి.

చైనాలోని సిచువాన్‌లో లీ బింగ్ క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో మొదలుపెట్టిన దుజియాంగ్యాన్ నీటిపారుదల వ్యవస్థ ఈనాటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. పూడిక లోతుగా తీయి, అడ్డుకట్ట ఎత్తు పెంచకు అన్నది అక్కడి సూత్రం. నీళ్ళు తగ్గే చలికాలంలో పూడిక తీయడం తరతరాలుగా వాళ్ళకు ఆచారం. మనకు ఆ పని కాలం వేసవి. ఆ నాలుగు నెలలూ ఉప్పుటేరును పూడికకూ గుర్రపుడెక్కకూ వదిలేసి, వరదొచ్చాక లంక గ్రామాలవాళ్ళను నీటిలా ప్రశాంతంగా ఉండమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.