లేవలేని గేదె కాలేజీ ఆస్పత్రికి రాదు

పశువైద్య విద్యార్థులకు పశువుల దగ్గర చేతి అనుభవం చాలడం లేదన్న మాట పాతదే. దానికి సూచించే పరిష్కారమూ పాతదే: కళాశాల ఆస్పత్రికి మరిన్ని పరికరాలు, ఫారానికి మరిన్ని పశువులు. రెండూ కావలసినవే కానీ అసలు లోటు అక్కడ లేదు. భారత పశువైద్య మండలి 2016 నిబంధనల ప్రకారం బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు అయిదున్నరేళ్లు. అందులో చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్. ప్రతి కళాశాలకూ పశువుల ఫారం, క్లినికల్ కాంప్లెక్స్ ఉండి తీరాలి. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు. అయితే ఆ ఆస్పత్రి గడప తొక్కే పశువు ఏది? నడవగలిగినది, బండి ఎక్కించగలిగినది. పాలజ్వరంతో మెడ డొక్కమీదికి వాల్చి పడిపోయిన ఆవు రాదు. అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగిన గేదెను ట్రాలీలో ముప్పై కిలోమీటర్లు తెచ్చే రైతు అరుదు. విద్యార్థి చేయి, చెవి, బుర్ర ఒకేసారి పనిచేయాల్సిన కేసులే కళాశాలకు చేరనివి.

పాలజ్వరాన్నే తీసుకోండి. బాగా పాలిచ్చే పశువు, సాధారణంగా మూడో ఈత నుంచి, ఈనిన రెండు మూడు రోజుల్లోపు రక్తంలో కాల్షియం పడిపోయి కూలబడుతుంది. చెవులు చల్లబడతాయి, ముట్టె ఆరిపోతుంది. చికిత్స పుస్తకంలో ఒక్క వాక్యమే: కాల్షియం బోరోగ్లూకోనేట్ నరానికి ఎక్కించాలి. 450 మిల్లీలీటర్ల సీసాను ఎంత మెల్లగా ఎక్కించాలో మాత్రం స్టెతస్కోప్‌లో వినిపించే గుండె చెబుతుంది. లయ తప్పితే ఆపాలి. తొందరపడితే లేపాల్సిన మందే ప్రాణం తీస్తుంది. అసలు అది కాల్షియం తగ్గి పడిందా, ఈనేటప్పుడు నరం నలిగి పడిందా అన్నది ముందే తేల్చుకోవాలి. కష్టపు ఈతలోనూ ఇంతే. లోపల చేతికి తగిలిన కాలు ముందుదో వెనకదో కళ్లు చెప్పవు. గిట్ట పైన వరసగా రెండు కీళ్లు ఒకే వైపు వంగితే ముందుకాలు, ఎదురెదురుగా వంగితే వెనకకాలు. తల వెనక్కి మళ్లిన దూడను ముందు లోపలికి నెట్టి, సరిచేసి, ఆ తర్వాతే లాగాలి. తల్లి నొప్పులకు మోచేయి తిమ్మిరెక్కుతుండగా ఇదంతా జరగాలి. పరీక్షలో దీనిపై పది మార్కులు తెచ్చుకున్నవారందరూ ఈ పని చేయగలరని అనుకోలేం.

చూడి పరీక్ష, కృత్రిమ గర్భధారణ కూడా స్పర్శతో నేర్చుకునేవే. పేడదారిలో చేయి పెట్టి, పల్చని పేగు గోడ మీదుగా గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకోవడం కొత్తవారికి అంత సులువుగా దొరికే పట్టు కాదు. గురువు చేయి లోపల ఏం చేస్తోందో శిష్యుడికి కనిపించదు, శిష్యుడి చేయి ఎక్కడ తప్పిందో గురువుకు తెలియదు. ఈ చిక్కు విప్పడానికే బ్రిటన్‌లో సారా బెయిలీ ఈ శతాబ్దం తొలి ఏళ్లలో ‘హాప్టిక్ కౌ’ అనే కృత్రిమ ఆవును రూపొందించారు. దాని మీద సాధన చేసినవారు అసలు ఆవులో గర్భాశయాన్ని మెరుగ్గా గుర్తించారని పరీక్షల్లో తేలింది. కనుక యంత్రాన్ని తీసిపారేయనక్కర్లేదు. కానీ దానికి మూగ ఎద ఉండదు. వేసవిలో గేదెకు ఎద లక్షణాలు సరిగా కనిపించవు, ఈతలేమో ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం మొదలయ్యేదాకా సాగుతాయి. పాఠాల పట్టిక ఈ రుతుచక్రాన్ని పట్టించుకోదు.

మరో సంగతి. కళాశాలకు పశువును తోలుకొచ్చేది చాలాసార్లు ఇంటి మగవాడు. రోజూ పాలు పితికి, మేత వేసి, పేడ తీసే మనిషి ఇంటి ఆడమనిషి. నిన్న సాయంత్రం ఏ చన్నులో పాలు తగ్గాయో, నెమరు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలుసు. ఆమెను అడగడం, ఆమె మాటల్లోని జబ్బును గుర్తుపట్టడం కూడా వైద్యంలో భాగమే. పట్నంలో పెరిగి ప్రవేశ పరీక్ష ర్యాంకుతో వచ్చిన విద్యార్థికి అది దొడ్డిలో తప్ప మరెక్కడా అబ్బదు.

అందరూ పశువుల డాక్టర్లే అవుతారా, కుక్కల క్లినిక్కులకూ కోళ్ల కంపెనీలకూ బ్యాంకు ఉద్యోగాలకూ పోయేవాళ్లున్నారు కదా అంటారు. నిజమే. కానీ చట్టం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఒక్కటే. కుక్కలకే వైద్యం చేసేవారికి వేరే పట్టా లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు 19 కోట్లకు పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు. ఆ పట్టా చూసి మండల ఆస్పత్రి అప్పగించే ప్రభుత్వం ఆ పశువుల కోసమే అప్పగిస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం రైతు వైపునుంచి వస్తుంది: నా గేదె మీదా నీ సాధన? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టమూ రిజిస్టరైన వైద్యుడే చికిత్స చేయాలంటోంది. ప్రమాదాలూ చిన్నవి కావు. చొంగ కారుస్తున్న పశువు గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెడితే అది రేబిస్ కావచ్చు. ఈసుకుపోయిన పశువు మాయను వట్టి చేత్తో తీస్తే బ్రూసెల్లోసిస్ అంటుకోవచ్చు. వీటి నుంచి తేలేది విద్యార్థిని దొడ్డికి పంపకూడదని కాదు, ఒంటరిగా పంపకూడదని. ముందు కబేళా నుంచి తెచ్చిన గర్భాశయాలు, తర్వాత కృత్రిమ నమూనా, ఆ తర్వాత ఫారం పశువు, చివరికి వైద్యుడి పక్కన నిలబడి రైతు పశువు. ఇదీ వరస. ఒకే ఫారం పశువును పదిమంది వరసగా తడిమి పేగు ఒరిపిడి పెట్టే పద్ధతి కన్నా ఇందులో పశువుకు బాధ తక్కువ. రేబిస్ టీకా మాత్రం మొదటి ఏడాదే వేయించాలి.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ చాలాకాలం పాటు కళాశాల బయట 38 వారాల అనుభవాన్ని తప్పనిసరి చేసింది. అందులో 12 వారాలు చికిత్సా పాఠాలకు ముందే, పశుపోషణ నేర్చుకోవడానికి. మన దగ్గర ‘మైత్రి’ పథకంలో గ్రామీణ యువకుడికి కృత్రిమ గర్భధారణ నేర్పే మూడు నెలల్లోనే రెండు నెలలు క్షేత్రంలో గడుస్తాయి. పశువైద్య పట్టభద్రుడికి ఊరు చివరి ఏడాదిలో గానీ గట్టిగా తారసపడకపోవడం విడ్డూరం. ఇంటర్న్‌షిప్‌ను పొడిగించమనడం లేదు. స్టైపెండ్ పెంచాలని విద్యార్థులు సమ్మెలకు దిగుతున్న చోట అది అన్యాయం. రెండో ఏడాది నుంచి ప్రతి విద్యార్థినీ ఈతల కాలంలో విడతలవారీగా ఊళ్లకు పంపితే చాలు. వాహనాలు ఇప్పటికే ఉన్నాయి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే డాక్టరుతో పాటు రైతు దగ్గరికే వెళ్లే సంచార పశువైద్యశాలలు అవి. ఒక్కో బండిలో విద్యార్థికి ఒక సీటు, చూసిన కేసుల పుస్తకంలో ఆ డాక్టరు సంతకం, ఆ సంతకాలకు పరీక్షలో మార్కులు కావాలి. విశ్వవిద్యాలయమూ పశుసంవర్ధక శాఖా కూర్చుని ఒప్పందం రాసుకుంటే వచ్చే వానాకాలం ఈతలకే దీన్ని మొదలుపెట్టవచ్చు.