ముసలిదైంది ఫోనా, బ్యాటరీయా?

బెజవాడ ఏలూరు రోడ్డులో పండగ ఆఫర్ బోర్డు లేచిందంటే చాలు, చేతిలో ఉన్న ఫోన్ మీద మనవాళ్లకి ఎక్కడలేని అనుమానం పుట్టుకొస్తుంది. "స్లో అయిపోయిందండీ, వేడెక్కిపోతోందండీ, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోందండీ" అంటారు. ఈ మూడింట్లో చాలావరకు పాపం బ్యాటరీదే. లిథియం బ్యాటరీకి ఎండంటే పడదు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపే వాడమని యాపిల్ వాళ్లే చెప్తారు. మరి మే నెల బెజవాడలో 40 దాటడం వింతేం కాదు కదా! రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటే, స్కూటర్ డిక్కీలో పడున్న ఫోన్ గతేంటి? ఐఫోన్ 14 వరకు వచ్చిన బ్యాటరీలు, అన్నీ సవ్యంగా ఉంటే 500 ఫుల్ చార్జింగ్‌ల తర్వాత 80 శాతం సత్తా నిలిచేలా చేసినవి. రోజుకో ఫుల్ చార్జింగ్ అనుకుంటే ఏడాదిన్నర కూడా కాదు. మన ఎండలకి ఇంకాస్త ముందే నీరసిస్తాయి. టైరు అరిగిందని బండి అమ్మేసుకోం కదండీ. ముందు బ్యాటరీ మార్పించండి.

"అప్‌డేట్ చేశాకే పాడైందండీ" అనేవాళ్లున్నారు. అది ఉత్త అపోహేం కాదు. అరిగిన బ్యాటరీ ఉన్న పాత ఐఫోన్ల వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. అప్‌డేట్లతో పాత ఫోన్లు నెమ్మదించాయని 2018లో ఇటలీ యాపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు ఫైన్ వేసింది. అయితే కొత్త బ్యాటరీ వేసిన ఐఫోన్లకి ఆ వేగం తిరిగొచ్చిందన్న సంగతి మనవాళ్లు చెప్పరు. పైగా పెద్ద వెర్షన్ వేరు, సెక్యూరిటీ అప్‌డేట్ వేరు. మొదటిది కొన్నాళ్లాగి, నలుగురూ ఏమంటున్నారో చూసి వేసుకోవచ్చు. రెండోది మాత్రం రాగానే వేసేయాలి, అది దొంగలు దూరే కంతలు పూడ్చేది.

అసలు చూడాల్సింది అదే. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఏడాది దాటిపోయి, వెతికినా కొత్తది రావట్లేదంటే కంపెనీ ఆ ఫోన్‌ని వదిలేసినట్టే. అలాంటి దాంట్లో యూపీఐ పెట్టుకోవడం మంచిది కాదు. "వాట్సాప్ బాగానే నడుస్తోందిగా, మన మిత్ర కూడా వస్తోందిగా" అంటారా? 2025 జనవరి 30న 161 సేవలతో ఏపీ ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర మొదలైనప్పుడు ఆండ్రాయిడ్ 5లో కూడా వాట్సాప్ నడిచేది. సర్టిఫికెట్ కోసం కొత్త ఫోన్ కొనక్కర్లేదన్న మాట నిజమే. కానీ నడవడం వేరు, భద్రంగా ఉండటం వేరు. "నా అకౌంట్లో ఏముందని దోచుకోడానికి" అన్నా కుదరదు, ఓటీపీలు వచ్చేది ఆ ఫోన్‌కే. బ్యాంకు యాప్‌లూ, బ్యాంకుకిచ్చిన నంబరు సిమ్మూ తీసేసి, కైకలూరు చెరువు గట్టు మీద కాల్స్‌కీ టార్చ్‌కీ వాడుకోండి, ఎవరు కాదంటారు!

మార్చక తప్పదనుకుంటే, కెమెరా గురించి తర్వాత, ముందు అప్‌డేట్లు ఎన్నేళ్లో అడగండి. పిక్సెల్ 8కీ, గెలాక్సీ ఎస్24కీ ఏడేళ్లన్నారు. చవక ఫోన్లలో చాలావాటికి అంత ఉండదు. ఆ లెక్క కూడా మీరు కొన్న రోజు నుంచి కాదు, ఎక్కువగా మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. రెండేళ్ల కిందటి మోడల్‌ని సగం ధరకిస్తున్నారంటే, ఆ రెండేళ్లూ అందులోంచి పోయినట్టే. మిగిలిన ఏళ్లతో ధరని భాగించి చూసుకున్నాకే ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టండి.