ముప్పై అయిదు డాలర్ల గీత



పిల్లల బూట్ల మీద, సంతలో అమ్మే నకిలీ టీషర్టుల మీద కూడా కొడవలి వంపులాంటి ఒక గీత మీరు చూసే ఉంటారు. అది నైకీ కంపెనీ గుర్తు. 1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కారొలిన్ డేవిడ్‌సన్ అనే అమ్మాయి దానిని గీసింది. గంటకు 2 డాలర్ల లెక్కన ఆమెకు ముట్టినది 35 డాలర్లు. యజమాని ఫిల్ నైట్‌కు అది అంతగా నచ్చలేదు కూడా. చూడగా చూడగా అలవాటవుతుందిలే అనుకున్నాడు. 1983లో కంపెనీ ఆమెను పిలిచి వజ్రపుటుంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది. పన్నెండేళ్లకైనా గుర్తుపెట్టుకున్నారు, సంతోషమే. అలాంటి పిలుపు రానివారు ఎందరో!

నేను కూడా ఈ పని చేసుకునే బ్రతుకుతున్నాను. పెళ్ళి పత్రికలు, విత్తనాల సంచులు, సభల పోస్టర్లు గీస్తాను. “పది నిమిషాల పనే కదా తమ్ముడూ” అనని వారు అరుదు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆ పది నిమిషాలే వారికి కనబడతాయి. చదువురాని రైతుకు సంచి మీద ఏ బొమ్మ ఉంటే విత్తనం తెలుస్తుందో అని రాత్రంతా తలలో నలిగిన పని కనబడదు. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తులు క్రింది వరుస గుడులకు తగులుతాయి. అవి సర్దడానికే ఒక పూట పడుతుంది.

1986లో స్టీవ్ జాబ్స్ తన కొత్త కంప్యూటర్ కంపెనీ నెక్స్ట్‌కు గుర్తు కావాలని పాల్ రాండ్ అనే పెద్ద డిజైనర్‌ను అడిగాడు. కొన్ని నమూనాలు చూపిస్తారా అంటే రాండ్ చూపనన్నాడు. ఇచ్చేది ఒక్కటే, వాడుకున్నా మానుకున్నా డబ్బు మాత్రం ఇవ్వాలన్నాడు. లక్ష డాలర్లు తీసుకుని, ఆ గుర్తు ఎలా తయారైందో అడుగడుగునా వివరిస్తూ ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. ఇది గర్వమని నాకు తోచదు. ఆలోచించే భారం అంతా తానే మోశాడు. పెళ్ళి పత్రికల దగ్గర ఆ మాట అంటే మరునాడే నా షాపు మూసుకోవాలి, అది వేరే సంగతి!

మిల్టన్ గ్లేసర్ దారి వేరు. న్యూయార్క్ కోసం ఎర్రని గుండె బొమ్మతో ఆయన గీసిన గుర్తు నేటికీ బనియన్ల మీద, కప్పుల మీద అమ్ముడవుతూనే ఉంది. అంతకుముందే ఆయన ఇచ్చిన వేరొక నమూనాను అందరూ ఒప్పుకున్నారు. అయినా మనసు ఊరుకోక, టాక్సీలో వెళుతూ కవరు మీద ఎర్ర క్రేయాన్‌తో మళ్లీ గీశాడు. ఒక్క డాలరూ తీసుకోలేదు. కష్టాలలో ఉన్న తన ఊరికి తనంతట తానే ఇచ్చాడు.

మన సంఘాలలో సభల పోస్టరుకు కూలి అడిగితే “దేవుని పనికి కూడానా?” అనే పెద్దలున్నారు. షామియానా వారికి, మైకు వారికి, ప్రెస్సు వారికి లెక్క ప్రకారం ముట్టజెప్పి, గీసిన కుర్రవాని దగ్గర మాత్రమే కానుక ఆశిస్తారు. అడిగి తీసుకున్నది కానుక ఎలా అవుతుందో వారే చెప్పాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే, ఎన్ని నమూనాలు, ఎన్ని మార్పులు, అడ్వాన్సు ఎంత అన్నది ముందే కాగితం మీద వ్రాసుకోమనండి. నేను సగం ముందుగా తీసుకుంటాను. రెండు మార్పుల వరకు ధర మారదు. పెళ్ళికూతురి పేరులో అక్షరం తప్పు పడితే మాత్రం ఎన్నిసార్లయినా ఉచితమే.