గంటన్నర క్యూ, నిమిషం సంబరం

ఊరి చివరి పార్కులో కొత్తగా రోలర్ కోస్టర్ పెట్టారని తెలిసిన రోజు నుంచీ మా ఇంట్లో పిల్లల కంటే అత్తయ్య హడావుడే ఎక్కువైంది. ‘‘తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినదాన్నే, ఇదీ ఎక్కుతా’’ అంటూ 61వ ఏట ముచ్చటపడ్డారు. సరేనని దసరా సెలవుల్లో అందరం బయల్దేరాం.

ఎండలో గంటన్నర క్యూ. తీరా మెట్లెక్కి గేటు దాకా వెళ్లాక అక్కడి అబ్బాయి అత్తయ్యను ఎగాదిగా చూసి ‘‘చీరతో ఎక్కకూడదమ్మా’’ అనేశాడు. నన్ను చున్నీ తీసెయ్యమన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. మా బ్యాగులు, చెప్పులు, నా చున్నీ అన్నీ తీసుకుని కిందికి దిగి బల్ల మీద కూర్చున్నారు.

ఇంతా చేసి ఆ సవారీ ఎలా ఉందంటారా? గొలుసు కటకటమంటూ పైకి లాగుతున్నంతసేపే గుండె దడ. పైనుంచి వదిలాక బండికి ఇంజనంటూ ఉండదు, జారిన ఊపుతోనే మిగతా దారంతా పోవాలి. అందుకే మొదటి గుట్ట అన్నిటికన్నా ఎత్తుగా కడతారు. ఇక్కడ ఆ గుట్టే మూడంతస్తుల మేడంత లేదు. రెండు మలుపులు, నాలుగు కుదుపులు, భుజాల మీది కమ్మీకి చెవి కొట్టుకోవడం... అంతే, దిగమన్నారు! 1884లో అమెరికాలోని కోనీ ఐలాండులో థాంప్సన్ అనే ఆయన పెట్టిన బండి గంటకు 10 కిలోమీటర్లే పోయేదట. దానికే జనం విరగబడ్డారట. వాళ్లకది కొత్త. మనం టీవీలో అంతకంటే ఎన్నో చూసేశాం.

బండి చప్పగా ఉంటే ఉంది, పోనీండి. నా కోపమంతా చీర సంగతి మీదే. నిబంధన తప్పని అనను. 2018లో హర్యానాలోని పింజోర్‌లో గో-కార్టు చక్రంలో జుట్టు చిక్కుకుని ఒకామె ప్రాణమే పోయింది. వేలాడే కొంగుతోనూ అంతే ప్రమాదం. కానీ ఆ మాటేదో టికెట్టు కిటికీ దగ్గరే చెప్పొచ్చుగా? పిల్లల ఎత్తు కొలిచే బొమ్మను క్యూ మొదట్లోనే నిలబెట్టారు. చీర సంగతి మాత్రం మెట్ల పైన, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో! నీళ్ల ఆటల దగ్గర బట్టలు అద్దెకిస్తారు కదా, ఇక్కడా ఒక సల్వార్ కమీజు ఇచ్చి, మార్చుకోడానికి గది చూపిస్తే వాళ్ల సొమ్మేం పోయింది? పోనీ డబ్బయినా వెనక్కివ్వమంటే ‘‘ఆవిడ లోపలికొచ్చారుగా మేడమ్’’ అన్నారు.

మనమూ తక్కువేం తినలేదు లెండి. ‘అమ్మమ్మ ఎక్కదులే, సామాను చూస్తుంది’ అని బయల్దేరే ముందే తేల్చేసే ఇళ్లు ఎన్ని లేవు?

నేను దిగి రాగానే అత్తయ్య చున్నీ చేతికిస్తూ ‘‘ఎలా ఉందే?’’ అనడిగారు.

‘‘ఉత్తదే అత్తయ్యా. మీరు పోగొట్టుకున్నదేం లేదు’’ అన్నాను.

‘‘ఆ ముక్క ఎక్కి దిగాక నేననాలి గదే’’ అన్నారు, పిల్లల చెప్పులు ముందుకు జరుపుతూ.