పాతఫోను గల రైతు మాటేమి?



వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా గ్రామములు తిరుగు నాకు గడచిన మాసమున ఒక రైతు తన ఫోను చూపి, పంట వివరములు తెలుపు యాపు దీనిలో దిగుట లేదని చెప్పెను. అది 1 జీబీ ర్యాము గలది. మాటలాడుటకు, వాతావరణవార్త తెలిసికొనుటకు చక్కగా పనిచేయుచున్నది. క్రొత్తది కొనుమని సలహా యిచ్చినవారు అప్పటికే యిద్దరు. ఆ పైకము విత్తనములకు కావలయునని యతడు మొగమాటముతో పలికెను. సిగ్గుపడవలసినవాడు అతడు కాడు, యాపు నిర్మించినవాడు.

కొంచెము లెక్క చూతము. ఇంటర్నెట్టునందు సాధారణముగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు వర్ణచిహ్నము 3 బైట్లు పట్టును. వేయి చిహ్నముల ప్రకటన సుమారు 3 కిలోబైట్లు. దానినే రంగుల బొమ్మగా మార్చి 3 మెగాబైట్లు చేసి పంపినచో, ఒక్క ప్రకటనకు వేయి ప్రకటనల బరువు! సంకేతము సరిగా అందని పొలముగట్టున అది తెరచుకొనునా? మన సంఘమువారును మహాసభ నోటీసును బొమ్మగానే పంపుచున్నారు. ఈ మాట వారికి రుచింపకపోవచ్చును.

తేలిక సాధనములు అసాధ్యములు కావు. 1 జీబీ, అంతకు తక్కువ ర్యాము గల ఫోనులకై గూగులువారు 2017లో ఆండ్రాయిడ్ గో నేర్పరచిరి. ఇంటర్నెట్టు లేని సామాన్య ఫోనునుండియు సొమ్ము చెల్లించుటకు 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చెను.

పాతఫోనులకు భద్రతా సవరణలు ఆగిపోవునని నిర్మాతలందురు. నిజమే, సొమ్ము విషయమున నే నది కాదనను. కాని ధాన్యము ధర చూచుటకును, ఎరువు వచ్చినదా యని తెలిసికొనుటకును ఆ సాకు చెల్లదు.

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు 63,000 కంప్యూటరీకరింప 2022లో కేంద్రప్రభుత్వము సమ్మతించినది. కావున మన లెక్కలును ఆ త్రోవనే పోవును. సభ్యులకై యాపు కావలసినప్పుడు నిర్మాతను మనమే నిలదీయవలెను: సంకేతము లేనప్పుడు వ్రాసినది ఫోనులోనే నిలిచి, అందినప్పుడు తానై పోవునా? బొమ్మలు లేకయే పని జరుగునా?

రాబోవు మహాసభకు మీ యింటనున్న పాతఫోనులను తెండు. వానిలో మిక్కిలి పాతదానిపై పరీక్షించి చూపిన పిదపనే సొమ్ము చెల్లింపవలెనని నేను ప్రతిపాదింతును.